ఫైల్ అయిపోయిందని ఎలా తెలుస్తుంది? – డెన్నిస్ రిచీ కథ

ఫ్రెండ్స్, ముందుగా ఒక మాట. నేను ఎల్కేజీ నుంచీ ఇంగ్లీష్ మీడియం. తెలుగులో రాయడం ఈ క్లబ్‌లో చేరాకే మొదలైంది. అచ్చుతప్పులుంటే క్షమించేయండి. ఇంకో తప్పు మాత్రం నేనే చెప్పుకోవాలి. పోయిన సెమిస్టర్‌లో మా తాతయ్య ఉత్తరాలు నా చేతులారా డిలీట్ చేశాను.

మా నాన్న హాస్టల్లో ఉండి చదువుకునే రోజుల్లో తాతయ్య తెనాలి దగ్గర మా ఊరి నుంచి ఇన్‌లాండ్ లెటర్లు రాసేవారు. వాటిలో పదకొండు మిగిలితే, నాన్న ఎప్పుడో జిరాక్స్ షాపులో స్కాన్ చేయించి పెట్టారు. అసలు కాగితాలు ఇల్లు మారేటప్పుడు ఎక్కడో పోయాయి. ఆ ఉత్తరాలు కూడబలుక్కుని చదివి, టైప్ చేసి, ఈ మ్యాగజైన్‌కి ఒక వ్యాసం ఇద్దామని నా ప్లాన్. పెన్‌డ్రైవ్‌లో స్కాన్లూ, నేను టైప్ చేసిన టెక్స్ట్ ఫైళ్ళూ కలిపి ఉన్నాయి. మామూలుగా కాపీ, పేస్ట్ చేసుంటే అయిపోయేది. కానీ అప్పుడే సీ లాంగ్వేజ్‌లో ఫైల్స్ యూనిట్ పూర్తయింది కదా, మన ప్రోగ్రామ్ మనమే రాసుకుందాం అనిపించింది. ఒక్కో క్యారెక్టర్ చదవాలి, కొత్త ఫైల్లో రాయాలి, అయిపోయాక పాత ఫైల్ తీసేయాలి. అంతే. ఒక టెక్స్ట్ ఫైల్ మీద టెస్ట్ చేశాను. తెలుగు అక్షరాలు ఒక్కటి కూడా తప్పకుండా వచ్చాయి. ఇంకేముంది, ఫోల్డర్ మొత్తం మీద రన్ చేశాను.

టెక్స్ట్ ఫైళ్ళన్నీ వచ్చాయి. స్కాన్లు మాత్రం పదకొండుకి పదకొండూ జీరో బైట్లు. పాతవి లేవు.

తప్పు ఒకే ఒక్క పదంలో ఉంది. ఫైల్ నుంచి చదివిన క్యారెక్టర్‌ని పెట్టుకునే వేరియబుల్‌ని ఇంట్ అని డిక్లేర్ చేయాల్సిన చోట చార్ అని చేశాను. క్యారెక్టర్ చదువుతున్నప్పుడు చార్ అని రాస్తే తప్పేంటి? ఆ రాత్రి నిద్ర పట్టక ఇది వెతుకుతూ వెతుకుతూ, సీని తయారుచేసిన మనిషి జీవితం దాకా వెళ్ళాను. ఆ మనిషి పేరు మనందరికీ ఫస్టియర్ మొదటి క్లాసులోనే చెప్తారు, రెండు మార్కుల ప్రశ్నగా. డెన్నిస్ రిచీ, బెల్ ల్యాబ్స్, 1972. మనం రాసేస్తాం, మర్చిపోతాం.

బైండింగ్ చేయించని థీసిస్

డెన్నిస్ మెకాలిస్టైర్ రిచీ 1941 సెప్టెంబర్ 9న అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని బ్రాంక్స్‌విల్‌లో పుట్టారు. పెరిగింది న్యూజెర్సీలోని సమిట్ అనే ఊళ్ళో. నాన్న అలిస్టైర్ రిచీ బెల్ ల్యాబ్స్‌లో పనిచేసేవారు. టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లలో ఒక కాల్‌ని ఇంకో లైన్‌కి కలిపే స్విచింగ్ సర్క్యూట్ల మీద ఆయన ఇంకో ఇద్దరితో కలిసి పుస్తకం కూడా రాశారు. అంటే మన సెకండియర్ డిజిటల్ లాజిక్ సబ్జెక్టు వాళ్ళింట్లో రోజూ ఉండే వ్యవహారం.

డెన్నిస్ హార్వర్డ్‌లో ఫిజిక్స్ చదివి 1963లో డిగ్రీ తీసుకున్నారు. తర్వాత అక్కడే అప్లైడ్ మ్యాథమెటిక్స్ వైపు రీసెర్చ్‌లో చేరారు. గైడ్ పేరు ప్యాట్రిక్ ఫిషర్. పని చేసింది లూప్ ప్రోగ్రామ్‌ల మీద. ఈ లూప్ ప్రోగ్రామ్‌లో లూప్ మొదలయ్యే ముందే అది ఎన్నిసార్లు తిరగాలో నిర్ణయమైపోతుంది, మధ్యలో మార్చడానికి లేదు. కాబట్టి ఇవి ఎంత ఆలస్యమైనా ఎప్పుడో ఒకప్పుడు తప్పకుండా ఆగుతాయి. లూప్‌లో లూప్ ఎంత లోతుగా పెడితే ప్రోగ్రామ్ ఎంత పెద్ద లెక్క చేయగలదు అన్నది ఆయన ప్రశ్న. తోటి విద్యార్థి ఆల్బర్ట్ మేయర్‌తో కలిసి 1967లో దీని మీద పేపర్ వేశారు. 1968 నాటికి థీసిస్ తయారైపోయింది. కమిటీ కూడా ఒప్పుకుంది.

కానీ డెన్నిస్ రిచీకి పీహెచ్‌డీ రాలేదు!

మేయర్ తర్వాత చెప్పిన దాని ప్రకారం కారణం మన కాలేజీలో వినే కథలాగే ఉంటుంది. హార్వర్డ్ రూల్ ప్రకారం థీసిస్‌ని బైండింగ్ చేయించి ఒక కాపీ లైబ్రరీకి ఇవ్వాలి. ఆ బైండింగ్ ఖర్చు ఆ రోజుల్లో ఒక స్టూడెంట్‌కి తక్కువేం కాదు. కావాలంటే లైబ్రరీయే చేయించుకోవాలి గానీ నేనెందుకు కట్టాలని రిచీ అనుకున్నారట. ఇవ్వలేదు. అంతే, డిగ్రీ లేదు. మనం నో డ్యూస్ సంతకం కోసం లైబ్రరీ చుట్టూ తిరుగుతూ విసుక్కుంటాం. ఆయన తిరగడమే మానేశారు. మొండితనమా, సిగ్గా, ఇంకేదైనా మనసులో ఉందా అన్నది ఆయన ఇంట్లోవాళ్ళకీ పూర్తిగా అర్థం కాలేదంటారు.

క్యారెక్టర్ కోసం పుట్టిన భాష

అప్పటికే, అంటే 1967లోనే, రిచీ బెల్ ల్యాబ్స్‌లో చేరిపోయారు. నాన్న పనిచేసిన చోటే. అప్పుడు బెల్ ల్యాబ్స్, ఎంఐటీ, జనరల్ ఎలక్ట్రిక్ కలిసి మల్టిక్స్ అనే పెద్ద ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేస్తున్నాయి. అది ఎంతకీ తెమలకపోయేసరికి 1969లో బెల్ ల్యాబ్స్ బయటికి వచ్చేసింది. పని పోయినట్టు మిగిలినవాళ్ళలో కెన్ థాంప్సన్, రిచీ ఉన్నారు. థాంప్సన్ ఎవరూ పెద్దగా వాడని ఒక చిన్న పీడీపీ-7 మెషిన్ పట్టుకుని కొత్త సిస్టమ్ మొదలుపెట్టారు. రిచీ తోడయ్యారు. అదే యునిక్స్.

యునిక్స్‌లో వాళ్ళు తీసుకున్న ఒక నిర్ణయం మనకి ఇప్పుడు ఎంత మామూలుగా అనిపిస్తుందంటే, అది నిర్ణయం అని కూడా తెలియదు. అప్పటి పెద్ద సిస్టమ్‌లలో ఫైల్ అంటే రికార్డుల కట్ట. పంచ్ కార్డులో 80 అక్షరాలు పడతాయి కాబట్టి చాలాచోట్ల ఫైల్ కూడా 80 అక్షరాల ముక్కలుగా ఉండేది. ఏ రకం ఫైలో, ముక్క ఎంత పొడుగో ముందే చెప్పాలి. యునిక్స్ అదంతా తీసేసింది. ఫైల్ అంటే వరసగా కొన్ని బైట్లు. అందులో ఏముందో సిస్టమ్‌కి అనవసరం. ఉత్తరమైనా, ఫోటో అయినా, ప్రోగ్రామ్ అయినా ఒకటే లైన్. ఏం రాస్తే తిరిగి అదే చదవాలి.

అప్పుడు వాళ్ళ దగ్గరున్న భాష పేరు బీ. మార్టిన్ రిచర్డ్స్ చేసిన బీసీపీఎల్‌ని కుదించి థాంప్సన్ తయారుచేశారు. బీలో టైపులు లేవు. ప్రతిదీ ఒక వర్డ్. పీడీపీ-7లో వర్డ్ అంటే 18 బిట్లు. అక్షరాలు దాచాలంటే ఒక వర్డ్‌లో రెండేసి కుక్కాలి. ఒక అక్షరం కావాలంటే ఆ వర్డ్ బయటికి తీసి, విడదీసి, మార్చి, మళ్ళీ కుక్కి పెట్టాలి. ఒకే సూట్‌కేసులో ఇద్దరి బట్టలు సర్దినట్టు. ఎవరి చొక్కా కావాలన్నా మొత్తం తెరవాల్సిందే.

1970లో పీడీపీ-11 వచ్చింది. దాన్ని కొనిపించడానికి వాళ్ళు పైవాళ్ళకి చెప్పిన కారణం టెక్స్ట్ పని, అంటే డాక్యుమెంట్లు టైప్ చేసి దిద్దుకునే సిస్టమ్. మాట నిలబెట్టుకున్నారు కూడా. బెల్ ల్యాబ్స్ పేటెంట్ డిపార్ట్‌మెంట్ టైపిస్టులే యునిక్స్‌కి మొదటి అసలైన యూజర్లు. మెమరీ 24 కిలోబైట్లు. మీ వాట్సాప్ స్టిక్కర్ కూడా అందులో పట్టకపోవచ్చు.

ఈ కొత్త మెషిన్‌లో ప్రతి బైట్‌కీ విడిగా అడ్రస్ ఉంది. అక్షరాన్ని నేరుగా పట్టుకోవచ్చు. కానీ భాష మాత్రం ఇంకా కుక్కడం, విప్పడం దగ్గరే ఉంది. ఇది రిచీకి నచ్చలేదు. 1971లో ఆయన బీకి ఒక కొత్త టైప్ చేర్చడం మొదలుపెట్టారు. ఆ టైప్ పేరే చార్. ఫ్లోటింగ్ పాయింట్ ఎలా పట్టించాలి, పాయింటర్ల లెక్క ఎలా తేల్చాలి అన్న ఇబ్బందులూ ఉన్నాయి గానీ, అక్షరాల చిక్కు ముందు వరసలో ఉంది. కొన్నాళ్ళు దాన్ని ఎన్‌బీ అన్నారు, అంటే న్యూ బీ. ఆ తర్వాత సీ అయింది. ముఖ్యమైన పని ఎక్కువగా 1972లో జరిగింది. 1973లో యునిక్స్ కెర్నల్‌ని సీలో తిరగరాశారు. ఆపరేటింగ్ సిస్టమ్ అంటే అసెంబ్లీలోనే రాయాలని చాలామంది అనుకునే రోజులవి.

ఇది చదివినప్పుడు నాకు కాసేపు ఏమీ తోచలేదు. నేను తప్పు రాసిన ఆ నాలుగు అక్షరాల పదం కోసమే దాదాపుగా ఆ భాష పుట్టింది. మరి దాన్ని వాడితే నా ఫైళ్ళెందుకు పోయాయి?

257వ గది

దీనికి జవాబు మన మార్క్స్ మెమోలో ఉంది. పరీక్ష వంద మార్కులకి. రాగలిగినవి సున్నా నుంచి వంద దాకా. ఒకడు పరీక్షకే రాలేదనుకోండి. వాడికి సున్నా వేస్తే, వచ్చి రాసి సున్నా తెచ్చుకున్నవాడికీ వీడికీ తేడా తెలియదు. అందుకే ఏబీ అని వేస్తారు. అది మార్కు కాదు, మార్కు లేదని చెప్పే గుర్తు. ఏ మార్కుతోనూ కలవకూడదు.

బైట్‌లో 0 నుంచి 255 దాకా మొత్తం 256 విలువలు పడతాయి. ఫైల్లో వీటిలో ఏదైనా ఉండొచ్చు, ఎందుకంటే యునిక్స్‌లో ఫైల్ అంటే ఏ బైట్లయినా సరే. మరి ఫైల్ అయిపోయిందని చదివే ఫంక్షన్ ఎలా చెప్పాలి? అందుకు 257వ విలువ కావాలి. అదే ఈఓఎఫ్. మామూలుగా మైనస్ ఒకటి. అది ఫైల్లో ఉండే క్యారెక్టర్ కాదు. ఇంక ఏమీ లేదని చదివేవాడు తిరిగొచ్చి చెప్పే మాట. అందుకే ఎఫ్‌గెట్‌సీ, గెట్‌చార్ తిరిగిచ్చేది చార్ కాదు, ఇంట్. అక్షరం కంటే కొంచెం పెద్ద గిన్నె.

నేను ఆ పెద్ద గిన్నెలోది చిన్న గిన్నెలో పోశాను. మన లాప్‌టాప్‌లలో చార్‌కి మామూలుగా ప్లస్, మైనస్ రెండూ ఉంటాయి. అందులో పడగానే 255 కాస్తా మైనస్ ఒకటి అయిపోయింది. ఫైల్ అయిపోయిందని ప్రోగ్రామ్ అనుకుంది. జేపెగ్ ఫోటోల్లో మొట్టమొదటి బైటే 255! అందుకే ఒక్క బైట్ కూడా కాపీ కాలేదు. ఇదే ప్రోగ్రామ్ చార్‌కి మైనస్ లేని మెషిన్‌లో, ఉదాహరణకి చాలా ఏఆర్ఎం లినక్స్ సిస్టమ్‌లలో, రన్ చేసుంటే తిరగబడేది. మైనస్ ఒకటి ఎప్పటికీ దొరక్క లూప్ ఆగేదే కాదు. రిచీ థీసిస్‌లో తప్పకుండా ఆగే లూపులు వేరు, ఇవి వేరు.

మరి తెలుగు టెక్స్ట్ ఎందుకు బాగానే వచ్చింది? తెలుగు అక్షరాలు యూటీఎఫ్-8లో ఒక్కోటి మూడు బైట్లు. తె అని రాస్తే త మూడు, ఎత్వం మూడు, మొత్తం ఆరు. ఆ యూటీఎఫ్-8లో 255 అనే బైట్ ఎక్కడా రాదు, డిజైన్‌లోనే లేదు. దాన్ని 1992లో తయారుచేసింది ఎవరో తెలుసా? కెన్ థాంప్సన్, రాబ్ పైక్. ప్లాన్ 9 అనే కొత్త సిస్టమ్ కోసం, న్యూజెర్సీలో ఒక హోటల్లో భోజనానికి కూర్చుని, ప్లేటు కింద వేసే కాగితం మీద గీశారట. రిచీ పనిచేసే గుంపే అది. అంటే నా టెస్ట్ పాస్ అయింది వాళ్ళ డిజైన్ మంచిది కావడం వల్ల, నా ప్రోగ్రామ్ మంచిది కావడం వల్ల కాదు.

ఒక విషయం న్యాయంగా చెప్పాలి. ఇవన్నీ రిచీ ఒక్కరే చేయలేదు. మనం హెడర్‌గా పెట్టుకునే స్టాండర్డ్ ఐఓ లైబ్రరీకి మూలం మైక్ లెస్క్ అనే సహోద్యోగి రాసిన ప్యాకేజీ. 1978లో వచ్చిన సీ పుస్తకంలో పాఠాలు ఎక్కువగా బ్రయాన్ కెర్నిఘన్ రాశారు. భాష నియమాలు చెప్పే రిఫరెన్స్ మాన్యువల్ రిచీది. ఆ పుస్తకం మొదటి అధ్యాయంలోనే క్యారెక్టర్లు చదివి కాపీ చేసే ప్రోగ్రామ్ ఉంది, ఇంట్ ఎందుకు పెట్టాలో వివరం కూడా ఉంది. నేను గైడ్ చదివి పాసైన బ్యాచ్. ఆ పేజీ ఈ గొడవ తర్వాతే చూశాను.

డీఎంఆర్

బెల్ ల్యాబ్స్‌లో అందరూ ఆయన్ని లాగిన్ పేరుతో డీఎంఆర్ అనేవారు. 1974లో థాంప్సన్‌తో కలిసి యునిక్స్ మీద రాసిన పేపర్ వచ్చాక యూనివర్సిటీల నుంచి కాపీల కోసం అడగడం మొదలైంది. ఏటీ అండ్ టీకి టెలిఫోన్ వ్యాపారం తప్ప ఇంకోటి చేయకూడదని అప్పట్లో ఒప్పందం ఉండేది. కాబట్టి యూనివర్సిటీలకి సోర్స్‌తో సహా తక్కువ ధరకే ఇచ్చారు. అలా ఒక తరం స్టూడెంట్లు సీ చదివి సీ నేర్చుకున్నారు. 1983లో థాంప్సన్‌కీ రిచీకీ కలిపి ట్యూరింగ్ అవార్డు వచ్చింది. 1999లో అమెరికా అధ్యక్షుడు క్లింటన్ చేతుల మీదుగా నేషనల్ మెడల్ ఆఫ్ టెక్నాలజీ అందుకున్నారు. పేరు ముందు డాక్టర్ లేకుండానే.

ఆయన మాట నెమ్మది, మనిషి మొహమాటస్తుడు. గడ్డం పెంచుకుని స్వెటర్ వేసుకుని కనిపిస్తారు ఫోటోల్లో. పెళ్ళి చేసుకోలేదు. కంపెనీ పెట్టలేదు, స్టేజీల మీద పెద్దగా కనిపించలేదు. 2007లో రిటైరయ్యేదాకా ఉన్నది ఆ ఒక్క ల్యాబ్‌లోనే. 2011లో థాంప్సన్‌తో పాటు జపాన్ ప్రైజ్ ప్రకటించారు. ఆ మార్చిలో అక్కడ భూకంపం, సునామీ రావడంతో మే నెలలో బెల్ ల్యాబ్స్‌లోనే ఆయనకి అందజేశారు.

అదే సంవత్సరం అక్టోబర్ 12న న్యూజెర్సీలోని బర్క్‌లీ హైట్స్‌లో, ఒంటరిగా ఉండే ఇంట్లో, ఆయన చనిపోయి కనిపించారు. వయసు 70. వారం ముందు, అక్టోబర్ 5న, స్టీవ్ జాబ్స్ పోయారు. ఆ వార్త ప్రపంచమంతా మోగింది. రిచీ వార్త రాబ్ పైక్ ఇంటర్నెట్‌లో పెడితే ప్రోగ్రామర్లకి తెలిసింది. అప్పటికి నాకు ఐదేళ్ళు. ఐఫోన్ లోపల ఉన్నది యునిక్స్ వంశం సిస్టమే. మనందరి చేతుల్లో ఉన్న ఆండ్రాయిడ్ లోపలి లినక్స్ కెర్నల్ దాదాపు మొత్తం సీలోనే ఉంది. ఎవరు గొప్ప అనే పోటీ నాకొద్దు. కానీ ఈ పోలిక చదివినప్పుడు మనసు చివుక్కుమంది.

తిరిగి చదివింది

ఆయన పోయిన తర్వాత థీసిస్ కోసం వెతికారు. హార్వర్డ్ లైబ్రరీలో లేదు, ఇవ్వలేదు కదా. ఎన్నో ఏళ్ళు అది పోయిందనే అనుకున్నారు. చివరికి ఆయన సోదరి లిన్‌కి ఒక కాపీ దొరికింది. 2020లో కాలిఫోర్నియాలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం దాన్ని అందరూ చదువుకునేలా ఆన్‌లైన్‌లో పెట్టింది. రాసిన యాభై రెండేళ్ళకి! నేను తెరిచి చూశాను. లెక్కలు నాకు సగం కూడా అర్థం కాలేదు. కానీ టైప్ చేసిన ఆ పేజీలు స్కాన్‌లో చూస్తుంటే మా తాతయ్య ఇన్‌లాండ్ లెటర్లే గుర్తొచ్చాయి.

వాటి సంగతి చెప్పాలి కదా. మర్నాడు ఫైనలియర్ అన్న ఒకరికి ఏడుపు మొహంతో చెప్పాను. ముందు ఆ పెన్‌డ్రైవ్‌లో ఇంక ఏమీ రాయొద్దన్నారు. అప్పటికే నేను దాంట్లో పాటలు ఎక్కించేశాను. డిలీట్ చేస్తే ఫైల్ ఉన్న చోటు ఖాళీ అని గుర్తు పెడతారు తప్ప బైట్లు వెంటనే చెరిగిపోవని అప్పుడు తెలిసింది. అన్న ఒక రికవరీ టూల్ పెట్టారు. అది పేర్లు చూడదు, పెన్‌డ్రైవ్ మొత్తం మొదటి నుంచి చదువుకుంటూ ఫోటో మొదలయ్యే గుర్తు కోసం వెతుకుతుంది. ఆ గుర్తులో మొదటి బైట్ 255. నా ప్రోగ్రామ్ ఏ బైట్ దగ్గర అయిపోయిందనుకుని ఆగిందో, ఆ టూల్ అదే బైట్ దగ్గర ఇక్కడ ఏదో మొదలవుతోందని అనుకుంది.

పదకొండులో తొమ్మిది వచ్చాయి. రెండిటి మీద పాటలు పడ్డాయి. అవి ఇక రావు. నాన్నకి ఫోన్ చేసి చెప్పాను. తిట్టలేదు. ఆ రెండిట్లో ఏం రాసుందో తనకి గుర్తున్నంతవరకు చెప్తానన్నారు. దసరాకి ఇంటికెళ్ళినప్పుడు కూర్చుని రాసుకోవాలి.

ఈ సారి ల్యాబ్‌లో ఫైల్ చదివే ప్రోగ్రామ్ రాసేటప్పుడు ఇంట్ అని రాయండి. ఎందుకని వైవాలో అడిగితే మార్క్స్ మెమోలో ఏబీ గురించి చెప్పండి. పాత ఫైల్‌ని మాత్రం కొత్తది తెరిచి చూసుకున్నాకే తీసేయండి. ఇంకా, రికార్డు బైండింగ్ చేయించి టైమ్‌కి ఇచ్చేయండి. డిగ్రీ లేకపోయినా ఫరవాలేదనడానికి మనం డెన్నిస్ రిచీలం కాదు.

తొమ్మిది ఉత్తరాలు వచ్చే సంచికలో.